పదో వాకిలిని కత్తిరించిన ముత్తన్న

బహ్రెయిన్‌లో ముత్తన్న అనే పరంజా మేస్త్రీ ఒక శుక్రవారం మధ్యాహ్నం ఒట్టి కత్తెరతో రెండు వందల యాభై మంది తెలుగువాళ్లను చావు నుంచి తప్పించాడు.

సరే, చావు అన్నది కాస్త ఎక్కువే. మా అమ్మాయి ఇది చదివి కళ్లురిమింది కాబట్టి సగం వెనక్కి తీసుకుంటున్నాను. ఆ రోజు వాళ్లెవరూ చచ్చేవాళ్లు కాదు. మహా అయితే పులిహోర ఎక్కువై పొట్ట పట్టుకునేవాళ్లు. కానీ కత్తెర నిజం, శుక్రవారం నిజం, రెండు వందల యాభై నిజం. ఈ మిగిలిన సగం మాత్రం ఎవరు ఉరిమినా వెనక్కి తీసుకోను. నాకు ఇంకా కడుపు మండుతూనే ఉంది.

ముత్తన్నది మెట్‌పల్లి పక్క పల్లె. యాభై రెండేళ్లు. పంతొమ్మిదేళ్లుగా ఇక్కడే ఉన్నా, వాళ్ల ఊరి లెక్కలో ఆయన దుబాయిలో ఉన్నట్టే. అస్కర్‌లోని కూలీల క్యాంపులో ఉంటాడు. కంపెనీ ఎక్కడికి తోలితే అక్కడ ఇనుప గొట్టాలు నిలబెట్టి, పలకలు పరిచి, మిగతా పనివాళ్లు నిలబడడానికి చోటు తయారుచేస్తాడు. పని పూర్తయ్యాక తన చేత్తోనే విప్పేస్తాడు. పంతొమ్మిదేళ్లలో నువ్వు కట్టినది ఒక్కటీ నిలిచి లేదు కదయ్యా అని నేనంటే నవ్వాడు.

"నిలిస్తే నాకు మల్ల పనేడ దొరుకుతది పెద్దసారూ?"

ఆయన నాకు దొరికింది గాలిలో. జింజ్‌లో మా అమ్మాయి వాళ్ల బిల్డింగుకు రంగులు వేయడానికి చుట్టూ పరంజా లేపుతున్నారు. నాలుగో అంతస్తు బాల్కనీలో కాఫీ తాగుతున్నాను. కటకటాల అవతల, నా కప్పుకు జానెడు దూరంలో, ఒక పసుపు హెల్మెట్ పైకి లేచింది. దాని కింద ఒక గొంతు స్పానర్ తిప్పుతూ పాడుతోంది:

"తొమ్మిది వాకిళ్ల ఊరమ్మా, ఇది
తాళమే ఎరుగని ఊరమ్మా
ఐదుగురు దొంగలె కావలుండిరి
ఆరుగురు తాగుబోతులె పెద్దలైరి..."

నా కాఫీ చల్లారిపోయింది. ఆ ఊరు మన ఒళ్లని, వాకిళ్లు కళ్లూ చెవులూ ముక్కూ నోరూ వగైరాలని, దొంగలు ఇంద్రియాలని, తాగుబోతులు కామక్రోధాదులని ఎవరికైనా తెలుస్తుంది. కానీ ఎన్నో వందల ఏళ్ల కిందటి తత్వం పాట, ఎండలో, గాలిలో వేలాడుతూ, ఒక్కో చరణానికి ఒక్కో బోల్టు బిగిస్తూ పాడడం నేనెప్పుడూ వినలేదు.

"ఎవరు నేర్పారయ్యా?" అని అరిచాను.

"మా మేనత్త భీమవ్వ, సార్. బీడీలు చేస్తది."

ఇక్కడ నా గురించి ఒక్క ముక్క చెప్పాలి, లేకపోతే నా కోపం మీకు అర్థం కాదు. నేను చదివింది కాన్వెంటులో. మాకు ఇంగ్లీషు చెప్పిన సిస్టర్ ఫిలోమినా పాతకాలపు యూరప్ కవుల భక్తి కావ్యాలంటే ప్రాణం పెట్టేది. ఆ కావ్యాల్లో ఒక మనిషి కొండ ఎక్కుతుంటాడు, అడివిలో తప్పిపోతుంటాడు, కోట తలుపు తడుతుంటాడు. మెట్లు మూడుంటే అది దేవుడి మూడు రూపాలు, మృగాలు ఏడుంటే ఏడు పాపాలు, వలయాలు తొమ్మిదుంటే దేవదూతల తొమ్మిది వరుసలు. పద్యాల సంఖ్య కూడా ఊరికే పడదు. "కావ్యంలో అంకె కనిపిస్తే బయట చెప్పులు విప్పి లోపలికి వెళ్లండి" అనేది సిస్టర్. ఆ అంకెను ఎవరైనా మారిస్తే, పునాది రాయి పీకినట్టేనని బెత్తంతో బల్ల మీద కొట్టి మరీ చెప్పేది.

ఆమెకు భీమవ్వ తెలియదు. భీమవ్వకు ఆమె తెలియదు. కానీ మెట్‌పల్లి పక్కన ఇంటి అరుగు మీద కూర్చుని భీమవ్వ చెప్పిందీ ఇదే. బీడీ కట్టకు ఇరవై ఐదు బీడీలు. అవి కడుతూ మేనల్లుడితో అనేదట: "ఒంట్ల తత్వాలు ఇరవై నాలుగు కొడుకా, ఇరవై ఐదోడు జీవుడు. ఒక్కటి తక్కువ పెడితె కట్ట కాదు, మనిషీ కాదు." ముత్తన్న పదేళ్లప్పటి నుంచి రేకు ముక్కను తునికాకు మీద పెట్టి, దాని అంచు వెంట కత్తెర తిప్పి ఆకు కోసేవాడు. ఆకులతో పాటే అంకెలూ వచ్చాయి, పాటా వచ్చింది.

పాటకు తొమ్మిది చరణాలు. ప్రతి చరణం చివర ఒకే మాట: "పదో వాకిలి ఎటు దిక్కో, పాడె మీదోన్నడుగమ్మా." నడినెత్తిన ఉండేది పదో వాకిలి. ప్రాణం పోయేది అందులోంచి.

"మరి దాని చరణం?" అని అడిగాను.

ముత్తన్న స్పానర్ ఆపాడు.

"ఉన్నది. ఊర్లె ఉన్నోళ్లకు కాదు సార్ అది. ఊరు ఇడిచిపోయెటోనికి. పాడె లేపే ముంగట తలకాడ కూసోని, వాని చెవుల పడేటట్టు పాడాలె. బతికున్నోళ్ల నడుమ పాడొద్దు."

"ఇక్కడ ఎప్పుడైనా పాడావా?"

"ఒక్కసారి. మా రూములుండె గంగాప్రసాద్. పెట్టె మూసే ముంగట, దవాఖానల. ఆడున్న బహ్రెయినాయన గడియారం సూసుకున్నడు గని, యల్లా, జల్ది కానియ్యి అనలే. పాట అయిందాక నిలబడ్డడు."

ఒక్క అక్షరం అరబ్బీ కాని పాటకు ఆ పెద్దమనిషి అలా నిలబడ్డాడు. ఇది గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే ఇప్పుడు మన తెలుగువాడు వస్తున్నాడు.

అప్పాజీ. మాది ఒకే జిల్లా, తణుకు వైపు. కట్టడాల కొలతలు తీసే ఇంజనీరు. సిమెంటు ఎంత, ఇసుక ఎంత అన్నది రాత్రి నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. ఇక్కడి తెలుగు సంఘాల్లో ఒకదానికి కార్యదర్శి. ఉగాదికి ఒక సంచిక వేస్తున్నాడని తెలిసి, నోరు ఊరుకోక, ముత్తన్న పాట సంగతి నేనే చెప్పాను. తప్పు అక్కడే మొదలైంది, అది నాదే. ఒప్పుకుంటున్నాను. ఇక మిగతా తప్పులన్నీ అప్పాజీవి.

మొదట్లో బాగానే ఉన్నాడు. శుక్రవారాలు క్యాంపుకు వెళ్లి, ఫోనులో రికార్డు చేసి, తొమ్మిది చరణాలూ రాసుకున్నాడు. మూడు, ఐదు, ఆరు, ఇరవై ఐదు అంటూ అంకెలన్నిటికీ గడులు గీసి పట్టిక వేశాడు. పాట కింద భీమవ్వ పేరు వేస్తానని మాటిచ్చాడు. ఆ మాట ముత్తన్న ఫోనులో మేనత్తకు చెప్పాడు. ఎనభై ఒక్కేళ్ల మనిషి. ఊళ్లో ఎవరు పోయినా ఆమె పాట లేకుండా పాడె లేవదు. ఆమె పేరు మాత్రం ఎక్కడా, ఎప్పుడూ అచ్చులో పడలేదు. ఫోను స్పీకర్లో పెట్టాడు, నేనూ విన్నాను.

"పెద్దచ్చరాలనా, చిన్నచ్చరాలనా కొడుకా?"

"నువ్వు సదువుతవా అత్తా?"

"సదువకుంటే ఏంది? ఏలు పెట్టి సూసుకుంట. పంపియ్యి."

ఆ ఒక్క పేరు కోసం ముత్తన్న రెండు శుక్రవారాలు ఓవర్‌టైం కూడా వదిలేసి అప్పాజీ ముందు కూర్చున్నాడు. మూడో శుక్రవారం అప్పాజీ తన పట్టికతో వచ్చాడు.

"ఇదిగో ముత్తన్నా, ప్రతి చరణంలోనూ పదో వాకిలి అంటున్నావు. చరణాలు చూస్తే తొమ్మిదే. లెక్క తప్పింది."

"తప్పలే సార్. పదోది ఉన్నది. ఇయ్య."

"ఇవ్వకపోతే ఎలాగయ్యా? పాట అసంపూర్తిగా అచ్చేస్తే చదివినవాళ్లు ఏమనుకుంటారు?"

"సచ్చినోళ్లు సదువుతరా సార్ మీ పుస్తకం?"

నేను పక్కకు తిరిగి నవ్వుకున్నాను. అప్పాజీ నవ్వలేదు.

"బాబాయిగారూ, మీరైనా చెప్పండి. చదువుకున్నవారు."

చెప్పాను. ఆ పదోచోట నాలుగు చుక్కలు పెట్టి వదిలెయ్యి, పాడేవాళ్లు చెప్పకూడని చరణం అని కింద రాయి, అదే నీ సంచికకు గౌరవం అన్నాను. తల ఊపాడు. వాడి తల ఊపు చూసి నేను ఇంటికి వచ్చి హాయిగా నిద్రపోయాను. ఆ నిద్రకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఉగాది సభ ముందు రోజు అప్పాజీ ఒక పుస్తకం ముందుగా నాకు పంపాడు. తెరిచాను. తొమ్మిది చరణాల కింద, లతలూ చిలకలూ ఉన్న ఒక గడిలో, పదోది ఉంది!

"శిరోమధ్య సహస్రదళ శ్రీద్వారము తెరువుమా
జీవహంస నింగి చేర వేళాయెను రావమ్మా."

అప్పాజీ సొంత రచన. ఊరి పాటలో ఊడిపోయిన పన్ను స్థానంలో బంగారు పన్ను కట్టించాననుకున్నాడు. అదే గడిలో, చివరి పంక్తిని ఆనుకుని, చిన్న అక్షరాలతో: "పాడినవారు: భీమవ్వ, బీడీ కార్మికురాలు." అదీ చాలక కింద ఒక సూచన. సభలో అందరూ పుస్తకాలు తెరిచి పది చరణాలూ కలిసి పాడాలట. లక్ష్మిప్రసన్న అనే సంగీతం టీచరమ్మ పిల్లలకు రాగం కూడా నేర్పేసింది. అంటే పండగ పూట, పసిపిల్లలూ కడుపుతో ఉన్నవాళ్లూ పక్కపక్కన కూర్చుని, ఒకరి నెత్తిన ఒకరు పాడె పాట పాడుకోవాలన్నమాట! కొత్త బట్టలు కట్టుకుని! పులిహోర తినబోతూ!

ఫోను చేశాను. తిట్టాను. నాకు తెలిసిన తిట్లన్నీ కాన్వెంటువే, అవి చాలలేదు.

"అచ్చయిపోయింది బాబాయిగారూ. ఖలాస్. అయినా అది వాళ్ల రహస్యం కాదు కదండీ, నేను రాసిందేగా! ఇంకేం అభ్యంతరం?"

ఇదే మాట నేను ముత్తన్నతో అన్నాను, ఓదార్పుగా ఉంటుందేమోనని. ఆయన పుస్తకాన్ని పరంజా పలక మీద పెట్టుకుని చూశాడు.

"మాటలు ఎవలియైతేంది పెద్దసారూ? తావు పదోది. ఆ తావుల ఏది పెట్టినా అది పదోదే అయితది."

సిస్టర్ ఫిలోమినా బతికి ఉంటే ఆ పలక మీదే మోకరిల్లేది. మూడేళ్లు బెత్తం పట్టుకుని మాకు ఎక్కించలేనిది ఆయన మూడు వాక్యాల్లో చెప్పాడు.

అప్పుడు నేను ఒక ఉపాయం చెప్పాను. తెల్ల కాగితాలు తెచ్చి చరణం మీద అంటిద్దాం, పేరు వరకు ఉంచుదాం అని. "అంటిచ్చినది ఊడుతది సార్. పిల్లలు ముంగట దాన్నే పీకుతరు" అన్నాడు. అదీ నిజమే. కోసేద్దామంటే పేరు కూడా పోతుంది. చరణం చివరి పంక్తిని, పేరున్న పంక్తిని అంత గట్టిగా అతికించి పెట్టాడు ఆ కొలతల మహానుభావుడు.

ముత్తన్న ఊరికి ఫోను కలిపాడు. సంగతంతా చెప్పాడు.

"నా పేరు ఏడ పెట్టిండ్రన్నవు?"

"పదోదాని లోపలనే అత్తా. దాన్ని ఆనుకోని."

"అంటే నన్ను పదో వాకిట్ల నిలబెట్టిండ్రా? నేనింక బతికే ఉంటి గదరా!"

ఆమే మళ్లీ అంది.

"కొయ్యి కొడుకా. సాపుగ కొయ్యి. ఆకు కోసినట్టు."

"నీ పేరు పోతది అత్తా."

"పోనియ్యి."

పోనియ్యి అని ఆమె అంత తేలిగ్గా అంది. ఫోను పెట్టేశాక ముత్తన్న ముఖం మాత్రం తేలిగ్గా లేదు. మాట ఇచ్చింది ఆయన.

ఇక శుక్రవారం సంగతి. పుస్తకాలను హాలుకు చేరవేసే పని ఇక్బాల్‌ది. కరీంనగర్ మనిషి, సంఘం అద్దెకు తీసుకున్న వ్యానుకు డ్రైవరు. పదకొండింటికి పెట్టెలు వ్యానులో వేసుకుని, నన్ను జింజ్‌లో ఎక్కించుకుని, సభలో పాడాల్సిన ముత్తన్నను తీసుకురావడానికి అస్కర్ వెళ్లాం. క్యాంపు గేటు ముందు ఆపి ఇక్బాల్ జుమ్మా నమాజుకు దిగాడు.

"తాతా, తాళం సీటు మీదనే ఉన్నది. నేను నమాజు చదివి, అన్నం తిని నిమ్మళంగ వస్త. మీరు బండి చూసుకోండ్రి."

నేను బండి చూసుకున్నాను. ముందు సీట్లో కూర్చున్నాను. ఆ రోజు నాకు మెడ పట్టేసింది, వెనక్కి తిరగలేకపోయాను. కాబట్టి వెనక ఎవరు ఎక్కారో, ఏం చేశారో చూశానని ప్రమాణం చేయను. వెనక తలుపు తెరుచుకుంది. అట్టపెట్టె టేపు చిరిగింది. పేజీ మీద రేకు ముక్క పెట్టిన చప్పుడు, దాని చుట్టూ కత్తెర నాలుగు పక్కలా తిరిగిన చప్పుడు విన్నాను. మొదటి పుస్తకానికి చాలాసేపు పట్టింది. రెండోదానికి అందులో సగం. పదోదానికి వచ్చేసరికి కరకరమని, అరుగు మీద ఆడవాళ్లు వానాకాలం పొద్దున ఆకు కోస్తున్నట్టే ఉంది. గంటన్నర. ఇక్బాల్ పళ్లు కుట్టుకుంటూ తిరిగొచ్చేసరికి ముత్తన్న తెల్ల చొక్కా వేసుకుని, చేతిలో పాటకు వేసే కంచు తాళాలతో క్యాంపు గేటులోంచి నడిచి వస్తున్నాడు. ముఖం ఏమీ ఎరగనట్టు అద్దంలా ఉంది.

సాయంత్రం సభలో పుస్తకాలు పంచారు. పాట పేజీ తెరిస్తే అక్కడ చక్కని కిటికీ. రెండు వందల యాభై పుస్తకాల్లోనూ అదే కొలత, అదే చోట, గీత మీద గీత. పిల్లలు అందులోంచి ఒకళ్లనొకళ్లు చూసుకుని కేరింతలు కొట్టారు. లక్ష్మిప్రసన్న శ్రుతి మరిచిపోయింది. అప్పాజీ ముఖంలో మాత్రం ఏ రంగూ లేదు.

ముత్తన్న తాళాలు అందుకున్నాడు. తొమ్మిది చరణాలు పాడాడు, జనం అందుకున్నారు. తొమ్మిదో దాని తర్వాత ఆయన నోరు మూశాడు. చేతులు ఆపలేదు. ఒక చరణం పట్టేంతసేపు ఒట్టి తాళం. జనం పుస్తకాల్లోకి చూశారు, అక్కడ కిటికీ. పాడడానికి ఏమీ లేదు. రెండు వందల యాభై మంది తెలుగువాళ్లు ఒకే హాలులో, మైకు ఉండగా, ఏకకాలంలో మాట్లాడకుండా ఉన్నారు. ఇది నా కల్పన అని మా అమ్మాయి కూడా అనలేదు, ఎందుకంటే తనూ అక్కడే ఉంది.

ఆ తర్వాత సంఘం అత్యవసర సమావేశం పెట్టింది. పాటకు జరిగిన అపచారం గురించి అనుకున్నారా? కాదు! ఆ పేజీ వెనక ఒక హోటలు వాళ్ల బిర్యానీ ప్రకటన ఉందట. కత్తెర దెబ్బకు బిర్యానీ గిన్నె సగం, "ఫ్యామిలీ" అన్న మాట మొత్తం ఎగిరిపోయాయట. గంటసేపు గిన్నె గురించే మాట్లాడారు. పదో వాకిలి మాట ఒక్కడూ ఎత్తలేదు. చచ్చిపోయిన గంగాప్రసాద్ చెవిలో పాడిన పాటను పండగ పాట చేశారే అని ఒక్కరూ సిగ్గుపడలేదు. గిన్నె! తీర్మానంలో ఏం రాశారో తెలుసా? "గుర్తు తెలియని విధ్వంసకులు." మరి సొంత చరణం రాసి, బతికున్న ముసలమ్మ పేరును దాని పక్కన నిలబెట్టిన గుర్తు తెలిసిన విధ్వంసకుణ్ణి ఏమనాలి? ఆయనకు ఆ రోజే శాలువా కప్పారు.

మర్నాడు అప్పాజీ పుస్తకాలు వచ్చిన అట్టపెట్టె ఒకదానితో మా ఇంటికి వచ్చాడు. గొంతు తగ్గించి, "బాబాయిగారూ, ఇదేదో చేతబడిలా ఉందండీ" అన్నాడు.

పెట్టెలో కత్తిరించిన కాగితాలున్నాయి. కట్టలు కట్టి, ఎర్ర దారంతో బిగించి ఉన్నాయి. పది కట్టలు. తణుకు వాడికి అవి చేతబడిలా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. చెయ్యి అలవాటు చొప్పున ఏది కోసినా ఇరవై ఐదేసి కట్టేవాళ్లను అతను ఎప్పుడు చూశాడు గనక! ఒక్కో కట్ట విప్పి లెక్కపెట్టాను. తొమ్మిది కట్టల్లో ఇరవై ఐదేసి. పదోదాంట్లో ఇరవై నాలుగు.

మళ్లీ లెక్కపెట్టాను. ఇరవై నాలుగే.

వారం తర్వాత అస్కర్ వెళ్లాను. ముత్తన్న మెడలో వేలాడే గేట్‌పాస్ ప్లాస్టిక్ కవరులో, ఫోటో వెనక, రెండు వేళ్ల పొడవున ఒక సన్నని కాగితం ముక్క కనిపించింది. దాని మీద చిన్న అక్షరాలతో ఒకే పంక్తి ఉంది. ఊరెళ్లే మనిషి ఎవరైనా దొరుకుతారా అని క్యాంపులో అడుగుతున్నాడని ఇక్బాల్ అప్పటికే నాకు చెప్పాడు. పైనున్న చరణాన్ని కోసి తీసేశాక ఇక భీమవ్వ పేరు ఏ వాకిట్లోనూ నిలబడి లేదు. వేలు పెట్టి చూసుకోవడానికి చాలినంత ఉంది.

ఇదంతా రాసి, అచ్చుకు పంపేముందు ఆయనకు చదివి వినిపించాను. స్పానర్ నూనె గుడ్డతో తుడుస్తూ చివరిదాకా విన్నాడు.

"ఇదంత అబద్ధం పెద్దసారూ."

"ఏది అబద్ధం?"

"అంత. ఆ శుక్రారం నాకు డ్యూటీ ఉండె. నేను సభకే రాలే."

"నువ్వు పాడగా నేను విన్నానయ్యా!"

"ఎవలో పాడి ఉంటరు. నాకు పాట రాదు. మా అత్తకు బీడీలు చేసుడు తప్ప ఏం తెల్వదు. కత్తెర పట్టక నాకు ముప్పై ఏండ్లాయె."

"మరి మెడలో ఆ కాగితం?"

గేట్‌పాస్‌ను బోర్లా తిప్పి చొక్కా లోపల వేసుకున్నాడు.

"బస్సు టికెట్టు. ఇంకొకటి కూడ రాయుండ్రి సార్, మంచిగ అందరికి తెలిసేటట్టు. ఆ పాటకు తొమ్మిదే చరణాలు. పదోది లేదు. ఎన్నడు లేకుండె."